ఇంటర్నేషనల్ లీగల్ కన్సల్టెంట్ కావాలంటే: మన కోర్టు అనుభవంతోనే ఎలా మొదలుపెట్టాలి

ప్రాక్టీసులో నాలుగైదేళ్లు గడిచాక జూనియర్లు నా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, ఇంటర్నేషనల్ సైడ్ వెళ్లాలంటే ఏ దేశంలో ఎల్‌ఎల్‌ఎం చేయాలి?" నేను తిరిగి ఒకటి అడుగుతాను. "ఈ నాలుగేళ్లలో నీ చేతికి ఎక్కువగా వచ్చిన ఫైళ్లు ఏవి?" చాలామంది ఈ ప్రశ్నకు తడుముకుంటారు. మీరు ముందు దీనికి జవాబు వెతుక్కోండి, దేశం సంగతి తర్వాత చూద్దాం.

జెనీవాలో, మనీలాలో, వాషింగ్టన్‌లో ఉన్న సంస్థలకు ఇంగ్లండ్ చట్టం చెప్పేవాళ్లు కావలసినంతమంది అక్కడే ఉన్నారు. ఊరి భూముల రికార్డు అయిన అడంగల్ చదివి, భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసే ఎంజాయ్‌మెంట్ కాలమ్‌లో పేరు ఎందుకు మారిందో చెప్పగలిగేవాళ్లు, జగిత్యాల పక్క ఊళ్లో గల్ఫ్ సబ్ ఏజెంట్ డబ్బు ఎలా వసూలు చేస్తాడో తెలిసినవాళ్లు అక్కడ లేరు. ఆ సంస్థలు మనల్ని పిలిచేది మన దగ్గర మాత్రమే ఉన్న ఈ తెలివిడి కోసం. విదేశీ డిగ్రీ దానికి తోడు అవుతుంది కానీ దాని స్థానంలోకి రాదు. ఈ సంగతి అర్థమైతే కింద చెప్పే పనులన్నీ ఏ వరసలో చేయాలో మీకే తెలుస్తుంది.

ముందుగా సన్నదు (అడ్వకేట్‌గా నమోదైనట్టు బార్ కౌన్సిల్ ఇచ్చే పత్రం) సంగతి తేల్చుకోండి

కన్సల్టెన్సీ మోజులో చాలామంది పట్టించుకోని విషయం ఇది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వ రూల్ ప్రకారం, ప్రాక్టీసులో ఉన్న అడ్వకేట్ ఎవరి దగ్గరా పూర్తికాలం జీతం మీద ఉద్యోగం చేయకూడదు. చేరాలంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపేయాలి. రోజుల లెక్కన, రిపోర్టు లెక్కన చేసే స్వతంత్ర కన్సల్టెన్సీ అలాంటి ఉద్యోగం కాదు. కాబట్టి ఆఫర్ రాగానే కాంట్రాక్టులో మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారో చూడండి. 'ఇండివిడ్యువల్ కాంట్రాక్టర్', 'ఇండిపెండెంట్ కన్సల్టెంట్' అని ఉండి, మీరు ఇన్వాయిస్ పెడితే డబ్బిచ్చే పద్ధతి అయితే మీ ప్రాక్టీసు మీరు చేసుకోవచ్చు. నెలజీతం, సెలవులు, పూర్తి పనివేళలు రాసి ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి.

జడ్జి పరీక్షలు రాయాలనే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో మళ్లీ తెచ్చింది. బార్ నుంచి నేరుగా జిల్లా జడ్జి కావాలంటే రాజ్యాంగం 233వ అధికరణ ఏడేళ్లు అడుగుతుంది. మధ్యలో రెండేళ్లు ఉద్యోగంలోకి వెళ్లి, ప్రాక్టీసు లెక్క తెగిపోయిందని తర్వాత బాధపడినవాళ్లను చూశాను. ఆల్ ఇండియా బార్ పరీక్ష (ఏఐబీఈ) ఇంకా రాయకపోతే ముందు అది పూర్తిచేయండి.

పని కావాలని అడ్వకేట్ ప్రకటనలు ఇచ్చుకోకూడదని 36వ రూల్ చెబుతుంది. కాబట్టి లింక్డ్‌ఇన్‌లో మీ చదువు, అనుభవం, ప్రచురించిన వ్యాసాలు పెట్టుకోండి. 'నన్ను సంప్రదించండి, గెలుపు ఖాయం' లాంటి పోస్టులు వద్దు.

సబ్జెక్టును మీ ఫైళ్లలోనే వెతకండి

ఒక ఆదివారం కూర్చుని మూడేళ్ల డైరీలు ముందు పెట్టుకోండి. కేసు నంబర్లు వదిలేసి, ప్రతి కేసులో అసలు సమస్య ఏమిటో ఒక్క లైనులో రాయండి. యాభై లైన్లు రాసేసరికి రెండు మూడు విషయాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీ సబ్జెక్టు వాటిలోనే ఉంటుంది. మన ప్రాంతంలో పనిచేసేవాళ్లకు తరచుగా కనిపించేవాటిలో నాలుగింటి గురించి చెబుతాను.

మొదటిది గల్ఫ్ వలస. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ, కడప వైపు ప్రాక్టీసు చేసేవాళ్లకు ఈ ఫైళ్లు కొత్త కాదు. దీన్ని నడిపించే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ రిక్రూట్‌మెంట్ చేయకూడదు. చేస్తే 24వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. ఒక్కో కుటుంబం దగ్గర లక్షలు వసూలు చేసే సబ్ ఏజెంట్‌కు రెండు వేల జరిమానా! ఈ చట్టాన్ని మార్చడానికి 2019లో, 2021లో, 2025లో ముసాయిదాలు వచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, వలసల సంస్థ ఐఓఎం లాంటివాటికి కావలసింది ఇదే: చట్టంలో ఏముంది, ఊళ్లో ఏం జరుగుతోంది, ఆ రెండింటి మధ్య దూరం ఎంత.

రెండోది భూమి. తెలంగాణలో భూమి రికార్డుల కోసం 2020లో ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చి, 2024లో రద్దయింది. భూమి హక్కుల రికార్డు మార్చాలనుకునే దేశాలకు సలహా ఇచ్చే బ్యాంకులు, సంస్థలు ఈ రెండు రాష్ట్రాల అనుభవాన్ని అడిగి తెలుసుకుంటాయి. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఆగిపోయిన రైతు తరఫున తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కిన లాయర్ చెప్పేది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

మూడోది ఎన్ఆర్ఐ కుటుంబ, ఆస్తి కేసులు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మనవాళ్లలో చాలామంది దీన్ని ఇంటర్నేషనల్ పనిగా గుర్తించరు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో విడాకుల కేసు, వారసత్వ కేసు నడుస్తున్నప్పుడు భారతీయ చట్టం ఏం చెబుతుందో అక్కడి జడ్జికి తెలియాల్సి వస్తుంది. అక్కడి లాయర్ అందుకోసం భారతీయ చట్టం తెలిసిన నిపుణుడి ఒపీనియన్ తెప్పించుకుంటాడు. వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు మీలో చాలామంది చదివే ఉంటారు. తిరుపతిలో పెళ్లి, అమెరికాలో మిస్సోరీ రాష్ట్ర కోర్టులో విడాకులు. ఆ విడాకులను ఇక్కడ గుర్తించలేమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశీ తీర్పులు ఇక్కడ ఎప్పుడు చెల్లుతాయో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్‌ను పెళ్లి కేసులకు ఎలా అన్వయించాలో వివరించింది ఆ తీర్పే. ఇక అదే కోడ్‌లో 44ఏ సెక్షన్ చూడండి. యూకే, సింగపూర్ లాంటి దేశాల కోర్టులు డబ్బు చెల్లించమని ఇచ్చిన డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు. 2020 జనవరిలో యూఏఈని కూడా ఆ జాబితాలో చేర్చారు. అమెరికా అందులో లేదు, అక్కడి డిక్రీ ఆధారంగా ఇక్కడ దావా వేయాల్సిందే. డాలస్‌లో ఉన్న లాయర్‌కు ఈ తేడా రెండు పేజీల్లో స్పష్టంగా రాసిచ్చే మనిషి కావాలి. విజయవాడలో కూర్చుని మీరు ఆ పని చేయవచ్చు.

నాలుగోది డేటా రక్షణ. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కాంట్రాక్టులు చూసేవాళ్లకు ఇది సహజమైన దారి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ (డీపీడీపీ) చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పగలిగితే పని ఉంటుంది. ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏపీపీ, యూరప్ డేటా చట్టాల మీద ఇచ్చే సీఐపీపీ-ఈ సర్టిఫికెట్‌కు ఈ రంగంలో గుర్తింపు ఉంది.

ఒక్కటే ఎంచుకోండి. 'అన్నీ చూస్తాను' అనే లాయర్‌కు జిల్లా కోర్టులో కేసులు వస్తాయి కానీ బయటి సంస్థ షార్ట్‌లిస్ట్‌లో చోటు రాదు.

మీ హద్దు ఎక్కడిదాకా

విదేశీ లాయర్లు భారతదేశంలో ప్రాక్టీసు చేయకూడదని 2018లో ఏ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తర్వాత 2023లో, 2025లో బార్ కౌన్సిల్ తెచ్చిన నియమాలు వాళ్లకు కొంత దారి ఇచ్చినా అది విదేశీ చట్టం, అంతర్జాతీయ చట్టం, ఆర్బిట్రేషన్ వరకే. భారతీయ చట్టం మీద సలహా చెప్పే పని ఇప్పటికీ మనదే. ఇది మీకు రక్షణ.

అదే న్యాయం అటువైపు నుంచీ వర్తిస్తుంది. దుబాయ్ చట్టం మీద, టెక్సాస్ చట్టం మీద మీరు ఒపీనియన్ ఇవ్వకూడదు. ఎంత చిన్న ప్రశ్న అయినా సరే, 'ఇది భారతీయ చట్టం మేరకు మాత్రమే' అని మొదటి పేజీలోనే రాయండి. దుబాయ్‌లో కూర్చుని లీగల్ కన్సల్టెంట్‌గా పనిచేయాలంటే అక్కడి లీగల్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ రిజిస్ట్రేషన్ కావాలి. న్యూయార్క్‌లో బార్ పరీక్ష రాయకుండానే 'ఫారిన్ లీగల్ కన్సల్టెంట్' లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే పద్ధతి ఉంది, గత ఐదేళ్లలో కనీసం మూడేళ్లు స్వదేశంలో ప్రాక్టీసు చేసి ఉండాలి. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే 2021 నుంచి ఎస్‌క్యూఈ (సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్) పరీక్షలు ఉన్నాయి. ఇప్పటికే లాయర్ అయినవాళ్లకు అక్కడ రెండేళ్ల పని అనుభవం చూపించాల్సిన అవసరం లేదు.

ఇవన్నీ ఆ దేశం వెళ్లి స్థిరపడదామనుకునేవాళ్లకు. ఇక్కడ ఉండి కన్సల్టెన్సీ చేసేవాళ్లకు తొలి ఐదేళ్లు వీటి అవసరం రాదు. ఇల్లు తాకట్టు పెట్టి, కేవలం సీవీలో ఒక లైను కోసం ఎల్‌ఎల్‌ఎం చేయవద్దని గట్టిగా చెబుతాను. చేయాలనే ఉంటే స్కాలర్‌షిప్ మీద వెళ్లండి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్నింగ్ అయితే రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది, చదువయ్యాక తిరిగి వచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండాలంటుంది. మన పనికి అది మంచిదే.

డబ్బు ఖర్చు లేని చదువు కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి ఆడియో విజువల్ లైబ్రరీలో అంతర్జాతీయ న్యాయం మీద పెద్ద పెద్ద జడ్జీలు, ప్రొఫెసర్లు ఇచ్చిన ఉపన్యాసాలు ఉచితంగా వినవచ్చు. మేధో సంపత్తి మీద ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) అకాడమీ నడిపే డీఎల్-101 కోర్సు కూడా ఉచితమే.

రాత మార్చుకోండి

అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. మన కోర్టు డ్రాఫ్టింగ్ ఒక పద్ధతికి అలవాటుపడి ఉంటుంది. వాస్తవాలు తేదీల వరసలో, తర్వాత చట్టం, తర్వాత తీర్పులు, చివర్లో ప్రార్థన. జడ్జి మొత్తం చదువుతారన్న నమ్మకంతో రాస్తాం. కన్సల్టెన్సీలో రిపోర్టు చదివేది ప్రోగ్రామ్ ఆఫీసరో, మంత్రిత్వశాఖ అధికారో. వాళ్లు లాయర్లు కాకపోవచ్చు. మొదటి పేజీలో జవాబు దొరకకపోతే రెండో పేజీ తిప్పరు.

నేను మొదటిసారి ఒక బయటి సంస్థకు ఇచ్చిన డ్రాఫ్ట్ 22 పేజీలు. తిరిగి వచ్చినప్పుడు దానిమీద ఉన్న మొదటి వ్యాఖ్య: 17వ పేజీలో ఉన్న పేరా మొదటి పేజీకి తీసుకురండి. ఆ రాత్రి బాధ పడ్డాను. మర్నాడు అలా మార్చి చదువుకుంటే ఆ రివ్యూ చేసిన మనిషి మీద గౌరవం కలిగింది. అప్పటినుంచి ఏది రాసినా ముందు జవాబు రాస్తాను, తర్వాతే కారణాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రశ్న: "ఏజెంట్ అదనంగా వసూలు చేసిన డబ్బును వలస కార్మికుడు వెనక్కి రాబట్టుకోగలడా?"

అలవాటు ప్రకారం రాస్తే, రాజ్యాంగం 21వ అధికరణతో మొదలుపెట్టి జీవించే హక్కు గురించి మూడు పేజీలు రాస్తాం. అలా వద్దు. ఇలా మొదలుపెట్టండి: "రాబట్టుకోగలడు, కానీ ఏజెంట్‌కు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నదాని మీద దారి మారుతుంది. రిజిస్ట్రేషన్ ఉంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కు ఫిర్యాదు చేయడం త్వరగా ఫలితమిచ్చే దారి. లేకపోతే పోలీసు ఫిర్యాదు, సివిల్ దావా మిగులుతాయి. రెండింటిలోనూ అసలు అడ్డంకి రసీదు లేకపోవడం." నాలుగు వాక్యాల్లో విషయం వచ్చేసింది. కింద ఒక్కో దారికి ఎంత ఖర్చు, ఎంత కాలం, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి రాయండి. అసలు విలువ ఈ చివరి మాటలో ఉంది. చట్టం ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది, 'ఎక్కడ ఆగిపోతుంది' అన్నది మీ దగ్గరే ఉంటుంది.

'మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ సబ్మిటెడ్', 'హంబ్లీ ప్రేస్' లాంటి కోర్టు ఇంగ్లిష్ పూర్తిగా వదిలేయండి. వాక్యం పాతిక పదాలు దాటితే రెండుగా విరవండి. మన లెక్కలు అవతలివాళ్లకు అర్థం కావు, కాబట్టి లక్షలు, కోట్లు అని కాకుండా మిలియన్లలో రాయండి. మండలం, తహసీల్దార్, పట్టాదార్ లాంటి మాటలకు మొదటిసారి వచ్చినచోట ఒక్క లైను వివరణ ఇవ్వండి.

రాత నమూనా లేకుండా మీ దరఖాస్తు ఎవరూ చూడరు

ఆరేడు పేజీల రాత నమూనా మీ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. క్లయింటుకు ఇచ్చిన ఒపీనియన్‌ను పేర్లు కొట్టేసి పంపడం ప్రమాదం. క్లయింటు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచే బాధ్యత భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ కింద మీమీద ఉంది, పేరు తీసేసినా వివరాలను బట్టి మనిషిని గుర్తుపట్టేస్తారు. నమూనా కోసం విడిగా రాయండి.

అందుకు నాకు తెలిసిన మంచి మార్గం ప్రభుత్వ ముసాయిదాలకు వ్యాఖ్యలు పంపడం. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని కేంద్రం 2014లో విధానం పెట్టుకుంది. మీ సబ్జెక్టులో ముసాయిదా వచ్చిన రోజే కూర్చోండి. ఫలానా క్లాజులో ఫలానా లోపం, దాని బదులు ఇలా రాయాలి, కారణం ఇది అని ఆరు పేజీలు రాసి గడువులోపల పంపండి. ఆ పత్రంలో గోప్యం ఏమీ లేదు, అది పూర్తిగా మీ సొంతం. శాసన రచన మీకు వచ్చని కూడా అదే చెబుతుంది. వలసల బిల్లు ముసాయిదాకు నేను పంపిన వ్యాఖ్యలే నాకు రెండో అసైన్‌మెంట్ తెచ్చిపెట్టాయి.

పని ఎక్కడ వెతకాలి

ఐక్యరాజ్యసమితి కెరీర్స్ పోర్టల్‌లో కన్సల్టెంట్ పనులు విడిగా కనిపిస్తాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) తన ప్రొక్యూర్‌మెంట్ నోటీసుల పేజీలో పెడుతుంది. ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు కన్సల్టెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే పోర్టల్ ఉంది, అందులో ప్రొఫైల్ పెట్టుకోవాలి. రిలీఫ్‌వెబ్, డెవెక్స్ సైట్లలో అలర్ట్ పెట్టుకోండి. ఆర్బిట్రేషన్ వైపు వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లో 2021 డిసెంబర్‌లో మొదలైన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ (ఐఏఎంసీ) కార్యక్రమాలకు వెళ్లండి, లండన్ చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్బిట్రేటర్స్‌లో అసోసియేట్ సభ్యత్వంతో మొదలుపెట్టండి.

ప్రకటనల్లో 'నేషనల్ కన్సల్టెంట్', 'ఇంటర్నేషనల్ కన్సల్టెంట్' అని రెండు రకాలు ఉంటాయి. రెండోదానికి ఫీజు ఎక్కువ కాబట్టి కొత్తవాళ్లంతా దానికే దరఖాస్తు పెట్టి నిరాశపడతారు. మీరు మొదటిదాంతో మొదలుపెట్టండి. నేషనల్ కన్సల్టెంట్ అంటే ఈ దేశం చట్టం, భాష, ఆఫీసులు తెలిసిన మనిషి. పోటీ తక్కువ, మీ బలం ఎక్కువ. అలాంటివి రెండు మూడు చేశాక నేపాల్‌కో శ్రీలంకకో అదే సబ్జెక్టు మీద ఇంటర్నేషనల్ కన్సల్టెంట్‌గా దరఖాస్తు చేస్తే మీ మాటకు ఆధారం ఉంటుంది.

ప్రభుత్వం వైపు నుంచీ ఒక దారి ఉంది. విదేశాంగ శాఖలోని లీగల్ అండ్ ట్రీటీస్ డివిజన్ ఒప్పందాలు, అంతర్జాతీయ కేసులు చూస్తుంది. మన తెలుగువారు పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు భారత ప్రభుత్వంలో న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేసి, 1996లో హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ తొలి జడ్జీల్లో ఒకరయ్యారు. 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. సముద్ర న్యాయం అనే ఒక్క సబ్జెక్టును పట్టుకుని దశాబ్దాలు నిలబడితే ఎంతదూరం వెళ్లవచ్చో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి సంస్థలు నియామకంలో ఏ దశలోనూ డబ్బు అడగవు. ప్రాసెసింగ్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అంటూ మెయిల్ వస్తే అది మోసం. లాయర్లు కూడా ఇలాంటివాటిలో డబ్బు పోగొట్టుకున్నారు.

టీఓఆర్ చదవడం, ఫీజు వేయడం

చేయాల్సిన పని, కావలసిన అర్హతలు సంస్థ రాసి ఇచ్చే పత్రం టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్, దాన్ని మనవాళ్లు టీఓఆర్ అంటారు. దాన్ని ప్లెయింట్ చదివినట్టు చదవండి. అందులో అడిగిన ప్రతి అర్హతకూ మీ దరఖాస్తులో అదే వరసలో జవాబు ఉండాలి. 'కార్మిక చట్టంలో ఏడేళ్ల అనుభవం' అని అడిగితే, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ రకం పని అన్నది లెక్కతో రాయండి. మార్కులు వేసేవాళ్లు సీవీలో వెతకరు.

ఫీజు దగ్గర అందరూ చేసే పొరపాటు సవరణల రోజులు మర్చిపోవడం. ఒక దేశీయ చట్ట సమీక్ష పని వచ్చిందనుకోండి. చట్టాలు, తీర్పులు చదవడానికి 6 రోజులు, అధికారులను, బాధితులను కలవడానికి 5, మొదటి డ్రాఫ్ట్‌కు 8, వ్యాఖ్యలు వచ్చాక సరిచేయడానికి 4, తుది ప్రతికి 2. మొత్తం 25 రోజులు. చాలామంది 18 రోజులకే కోట్ చేసి, మూడు నాలుగు విడతల వ్యాఖ్యలతో 30 రోజులు పనిచేస్తారు. వ్యాఖ్యలు ఎన్ని విడతలు ఉంటాయో సంతకానికి ముందే అడిగి రాయించుకోండి.

యూఎన్‌డీపీ లాంటి చోట్ల చాలాసార్లు సాంకేతిక మార్కులకు 70 శాతం, ధరకు 30 శాతం వెయిటేజి ఉంటుంది. అంటే ధర మరీ తగ్గించి గెలవాలని చూడాల్సిన పనిలేదు. ప్రపంచ బ్యాంకు షార్ట్ టర్మ్ కన్సల్టెంట్‌కు ఏడాదికి 150 రోజుల పరిమితి ఉంది, వాళ్ల ఏడాది జూలైలో మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో కన్సల్టెంట్‌గా ఏ 36 నెలల్లోనైనా 24 నెలలకు మించి పనిచేయలేరు. అందువల్ల ఒక్క సంస్థనే నమ్ముకుని కోర్టు పని వదిలేయవద్దు. కోర్టు పని వదిలితే మీ తెలివిడి పాతబడిపోతుంది కూడా.

మీరు గవర్నమెంట్ ప్లీడర్ ప్యానల్‌లో ఉన్నా, అదే అంశంలో క్లయింటు కేసు నడుస్తున్నా ముందే లిఖితపూర్వకంగా చెప్పండి. తర్వాత బయటపడితే మళ్లీ పిలవరు.

విదేశీ ప్రయాణం ఉంటే టూరిస్ట్ వీసా మీద వెళ్లి పనిచేయవద్దు, సంస్థ నుంచి లెటర్ తీసుకుని సరైన వీసా తెచ్చుకోండి. డిగ్రీ, సన్నదు కాపీలకు అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ) ముందుగానే చేయించి పెట్టుకుంటే చివరి నిమిషంలో టెన్షన్ ఉండదు. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశాలకు ఎంబసీ అటెస్టేషన్ కావాలి, దానికి వారాలు పడుతుంది.

డబ్బు, పన్ను

మొదటి విదేశీ చెల్లింపు రాకముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి. ఆయనతో మాట్లాడాల్సినవి ఇవి. విదేశంలో ఉన్న సంస్థకు సేవ చేసి విదేశీ మారకంలో డబ్బు తీసుకుంటే అది సేవల ఎగుమతి, జీఎస్టీలో జీరో రేటు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు పన్ను కట్టకుండా ఎగుమతి చేయాలంటే ఏటా ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనే హామీపత్రం) పెట్టాలి. అదే సంస్థ ఢిల్లీ ఆఫీసు మీతో కాంట్రాక్టు చేసుకుని రూపాయల్లో చెల్లిస్తే అది ఎగుమతి కాదు. ఈ తేడా తెలియక తర్వాత నోటీసులు అందుకున్నవాళ్లు ఉన్నారు.

బ్యాంకులో డబ్బు జమ అయ్యేటప్పుడు ఆ డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు. లీగల్ సర్వీసులకు, మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీకి వేర్వేరు కోడ్‌లు ఉన్నాయి. ఇన్వాయిస్‌లో రాసినదానికీ, కోడ్‌కూ పొంతన ఉండాలి. ప్రతి చెల్లింపుకూ విదేశీ డబ్బు జమ అయినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, ఎఫ్ఐఆర్ఏ, తీసుకుని ఇన్వాయిస్‌తో కలిపి ఫైలు చేయండి.

ఆదాయపు పన్ను విషయంలో, ఐక్యరాజ్యసమితి ఉద్యోగుల జీతానికి ఉన్న మినహాయింపు కన్సల్టెంట్‌గా మీకూ ఉంటుందని అనుకోవద్దు. లాయర్ లాంటి వృత్తుల్లో ఉన్నవాళ్లకు ఏడాది రసీదులు 75 లక్షలు దాటకుండా, అందులో నగదు 5 శాతం మించకుండా ఉంటే సగం మొత్తాన్ని ఆదాయంగా చూపించే వెసులుబాటు ఉంది. అది మీకు లాభమో కాదో లెక్క వేయించండి. అవతలి దేశం పన్ను కోసుకుంటామంటే, ఇక్కడి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ చూపించి ద్వంద్వ పన్ను ఒప్పందం ప్రకారం ఏం తగ్గుతుందో అడగండి.

పని ముగిసిన వారంలో

తుది రిపోర్టు ఆమోదం పొందిన వారంలోనే మూడు మెయిళ్లు పంపండి. మొదటిది తుది ఇన్వాయిస్. రెండోది పని పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వమని, రిఫరెన్స్‌గా పేరు ఇవ్వడానికి అనుమతి కావాలని. మీతో పనిచేసిన ఆఫీసర్ ఆర్నెల్లలో ఇంకో దేశానికి బదిలీ అయిపోవచ్చు, ఆ తర్వాత ఎవరూ మిమ్మల్ని గుర్తుపట్టరు. మూడోది, రిపోర్టులో ఫలానా అధ్యాయాన్ని రాత నమూనాగా వాడుకోవచ్చా అని. కాపీరైటు సాధారణంగా సంస్థదే అవుతుంది కాబట్టి అడగకుండా ఎవరికీ పంపకూడదు. ప్రచురించిన రిపోర్టయితే మీ పేరు ఏ పేజీలో ఉందో చూసుకుని ఆ లింకు దాచుకోండి. జవాబు వచ్చిన రోజే సీవీలో ఆ లైను చేర్చి, పోర్టళ్లలో ఉన్న మీ ప్రొఫైళ్లన్నీ మార్చండి. తర్వాతి ప్రకటనకు గడువు ఎక్కువగా రెండు వారాలే ఉంటుంది.